పళ్ల సెట్టు కొక్కేలు వదులు కాకుండా
ఊడిన కొన్ని పళ్లకు బదులుగా తీసి పెట్టుకునే పళ్ల సెట్టును పక్క పళ్లకు పట్టి ఉంచేవి ఎక్కువగా సన్నని లోహపు కొక్కేలే. సెట్టును నోట్లో పెట్టుకుని కొరికి బిగించే అలవాటు వల్ల అవి వంగి, మా కోనసీమ తేగలు నమిలినప్పుడల్లా (పీచు సంగతి తెలిసిందే కదా) నా సెట్టు కదిలిపోయేది. డాక్టరు సరిచేశాక, దాన్ని తడిపి, రెండు వైపులా వేళ్లతో సమానంగా నొక్కి కూర్చోబెడుతున్నాను. తీసేటప్పుడు 2 కొక్కేల అంచులకూ గోళ్లు ఆనించి, ఒక వైపే ముందు లేవకుండా, ఎక్కిన దారినే మెల్లగా లాగుతున్నాను. వాష్‌బేసిన్‌లో సగం వరకు నీళ్లు నింపుకుని ఈ పని చేస్తే, చేయి జారినా సెట్టు విరిగే భయం తక్కువ. కొక్కెం ఇప్పటికే వంగి ఉంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు; పట్టకారుతో సొంతంగా వంచితే అది విరిగిపోవచ్చు కనుక, పళ్ల డాక్టరు చేతనే బిగింపజేసుకోవాలి.