వీల్ బేరింగ్ విప్పే ముందు

కావలి దాటాక హైవే మీద 80లో హూఁ అని మోత వస్తోందా? వెంటనే వీల్ బేరింగ్ (చక్రం నున్నగా తిరగడానికి లోపలుండే రింగు) కొనకండి, అరిగిన టైరూ అలాగే మోగుతుంది. స్టీరింగ్ కాస్త కుడికి తిప్పినప్పుడు మోత పెరిగితే అనుమానం ఎడమ చక్రం మీద. చక్రం లేపి తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి పెట్టండి, గరగర వేళ్లకే తెలుస్తుంది.

- యాక్సిల్ నట్టు (చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టు), బండి నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి.
- జాకీని నమ్మి కింద దూరొద్దు. స్టాండు తప్పనిసరి. కొత్తపట్నం ఇసకలో అసలు ఈ పని పెట్టుకోకండి!
- నకిల్‌లోకి (బేరింగు కూర్చునే లోహపు భాగం) కొత్త బేరింగు ఎక్కించేటప్పుడు, నొక్కే ప్రెస్ బయటి రింగు మీదే ఆనాలి. లోపలి రింగును సుత్తితో కొడితే కొత్త బేరింగూ పాతదే.
- ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండా? బేరింగుకు అయస్కాంతపు సీలుంటే అది చక్రం వేగం కొలిచే సెన్సరు వైపుకే.
- కొత్త నట్టు, మాన్యువల్లో చెప్పిన టార్కు (బిగింపు బలం).