సేల్స్ ఫోన్ మోగుతోంది, ఆర్డర్ రావడం లేదు: ఎక్కడ తెగుతోందో చూద్దాం

బెంగళూరు మారతహళ్లిలో నేను అన్నం తినే కర్రీ పాయింట్ ఒక అక్క నడుపుతుంది. ఆవిడది ఒంగోలు, మాది అనంతపురం. ఎండాకాలంలో ఆవిడ డీప్ ఫ్రీజర్ పాడైంది. మధ్యాహ్నం మూడున్నరకి, గిన్నెలు తోమడం అయ్యాక, కొత్తది కొందామని ఒక పెద్ద డీలర్‌కి ఫోన్ చేసింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ని బియ్యం బస్తా మీద పెట్టింది. ‘కన్నడక్కాగి ఒందన్ను ఒత్తి’ అంది ఫోన్. తర్వాత ఇంగ్లిష్, తర్వాత హిందీ. చెంగుతో వేలు తుడుచుకుని ఒకటి నొక్కింది. మళ్లీ ఐదు ఆప్షన్లు. అమ్మకాలకి నాలుగు. అది నొక్కాక, ‘మీ జీఎస్టీ నంబర్ ఎంటర్ చేయండి’ అంది.

అక్క నా వైపు చూసింది. ‘ఇదేంది తమ్ముడా, ఆ నంబర్లో అక్షరాలు కూడా ఉంటాయంట కదా, ఎట్టా నొక్కేది?’ అని కాల్ కట్ చేసింది. సాయంత్రం పక్క రోడ్డులో ఉన్న కొట్టుకి నడిచివెళ్లి, ఫ్రీజర్‌కి అడ్వాన్స్ ఇచ్చి వచ్చింది.

నేను పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఆఫీసులకీ, కొట్లకీ ఫోన్ సిస్టమ్‌లు పెడుతున్నాను. పీణ్య ఫ్యాక్టరీల్లో, ఎస్పీ రోడ్డు షాపుల్లో నేను పెట్టినవి చాలా ఉన్నాయి. అందుకే ఆ కాల్ కట్ అయినప్పుడు నాకు బాధేసింది. ఆ మెనూ పెట్టింది నాలాంటి వాడే. ఆ డీలర్‌కి ఒక బేరం పోయిందని కూడా తెలిసి ఉండదు.

ముందుగా చేయాల్సింది

మీ నంబర్‌కి మీరే ఫోన్ చేయండి. మీ ఫోన్ నుంచి చేయకండి, కొన్ని సిస్టమ్‌లలో ఓనర్ నంబర్‌ని నేరుగా కలిపేలా పెట్టి ఉంటారు. పక్కింటివాళ్ల ఫోన్ తీసుకుని, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చేయండి. రేటు చెప్పగలిగే మనిషి గొంతు వినపడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ముప్పై దాటితే కింద చెప్పినవాటిలో ఏదో ఒకటి మీ దగ్గర ఉన్నట్టే.

సమస్య: మనిషి దాకా రాకముందే కాల్ కట్ అవుతోంది

కారణం మెనూ. చాలాచోట్ల ఆ మెనూ కంపెనీలో ఎన్ని డిపార్ట్‌మెంట్లు ఉన్నాయో చెబుతుంది, ఫోన్ చేసినవాళ్ల అవసరం దానికి పట్టదు. పైగా వివరాలు ముందే అడుగుతుంది. జీఎస్టీ నంబర్‌లో 15 అంకెలు, అక్షరాలు కలిసి ఉంటాయి, దాన్ని డయల్ ప్యాడ్ మీద కొట్టమనడం అన్యాయం. హోటల్ లాంటి సేవలకి మామూలుగా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. అంటే ఆ ప్రశ్న చిన్నవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేస్తోంది.

పరిష్కారం: కొనడానికి వచ్చే నంబర్‌ని, రిపేర్లూ బిల్లులూ చూసే నంబర్‌ని వేరు చేయండి. కొనేవాళ్ల నంబర్‌కి మెనూ అసలు వద్దు, నేరుగా మోగాలి. రెండు నంబర్లు కుదరకపోతే మెనూలో మొదటి మాటే ‘కొనాలనుకుంటే 1’ అని ఉండాలి, ఏమీ నొక్కకుండా ఊరుకున్నా ఐదు సెకన్లలో మనిషికి కలవాలి. జీఎస్టీ నంబర్ బిల్లు రాసేటప్పుడు అడగొచ్చు.

భాషల గురించి ఒక మాట. మెనూలో ఐదు భాషలు పెట్టమని నన్ను అడుగుతుంటారు, నేను వద్దంటాను. చిక్కపేట కొట్లలో ఏ మెనూ లేకుండానే నాలుగు భాషల్లో బేరాలు జరుగుతున్నాయి. ఫోన్ ఎత్తినవాళ్లు ‘నమస్కార’ అంటే చాలు, అవతలివాళ్లు మొదలుపెట్టిన భాషలోకి వాళ్లే మారిపోతారు.

సమస్య: ఒకటి నొక్కినా ‘తప్పు ఎంపిక’ అంటోంది

ప్రతి మీటా రెండు శబ్దాల్ని కలిపి పంపుతుంది. ఒకటికి 697, 1209 హెర్ట్జ్. ఇంటర్నెట్ మీద నడిచే సిప్ లైన్‌లో గొంతుని జీ.729 పద్ధతిలో కుదిస్తే ఆ శబ్దాలు చెడిపోయి సిస్టమ్‌కి అర్థం కావు. మీట సమాచారం గొంతుతో కలవకుండా విడిగా వెళ్లేలా డీటీఎమ్ఎఫ్ (మీటల శబ్దాల) సెట్టింగ్‌ని రెండు వైపులా ఆర్ఎఫ్‌సీ 2833 అనే పద్ధతికి మార్చమని మీ వెండర్‌కి చెప్పండి. ఇది చిన్న పని.

సమస్య: స్టాఫ్ ఖాళీగానే ఉన్నారంటారు, కస్టమర్‌కి మాత్రం ఎప్పుడూ బిజీ

ఇది ఓనర్లకి నమ్మకం కలిగించడం చాలా కష్టం, అందుకే లెక్క వేసి చూపిస్తాను. గంటకి 20 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు, మొత్తం 60 నిమిషాలు. కాబట్టి ఒక మనిషి సరిపోతాడని అందరూ అనుకుంటారు. కాల్స్ వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు, గుంపుగా వస్తాయి. డెన్మార్క్‌కి చెందిన గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం ప్రకారం, ఒక్క మనిషే ఉంటే ఆ 20 కాల్స్‌లో సగానికి బిజీ వస్తుంది. ఇద్దరుంటే ఐదింట ఒకటి పోతుంది. ముగ్గురుంటే పదహారింట ఒకటి. పీఆర్ఐ లైన్, అంటే ఆఫీసులకిచ్చే పెద్ద ఫోన్ లైన్, తీసుకుంటే ఒకేసారి 30 కాల్స్ వస్తాయి, కానీ ఎత్తే చెయ్యి ఒకటే అయితే ఆ 30తో ఏం లాభం?

కొత్తగా ముగ్గురిని పెట్టుకోమని నేను చెప్పను. సేల్స్ కుర్రాడు, అకౌంట్స్‌లో కూర్చునే అమ్మాయి, గోడౌన్ చూసే అతను, ఈ ముగ్గురినీ ఒక రింగ్ గ్రూపులో పెట్టండి. మొదటి ఫోన్ బిజీగా ఉంటే రెండోది, అదీ బిజీ అయితే మూడోది మోగుతుంది. పదిహేను సెకన్లలో ఎవరూ ఎత్తకపోతే ఓనర్ మొబైల్‌కి వెళ్లాలి. ముగ్గురూ ఒకేసారి భోజనానికి లేవకూడదు.

సమస్య: ఫోన్ ఎత్తుతారు, రేటు చెప్పరు

‘మా వాళ్లు కాల్ బ్యాక్ చేస్తారు సార్’ అనే మాట దగ్గర పోయినన్ని బేరాలు ఇంకెక్కడా పోవని నా నమ్మకం. ఎత్తినవాళ్ల దగ్గర రేట్ల షీటు ఉండదు, ఉన్నా చెప్పే అనుమతి ఉండదు. రేటు పోటీ కొట్టుకి తెలిసిపోతుందని ఓనర్ భయం. పోటీ కొట్టుకి మీ రేటు ఎప్పుడో తెలుసు. తెలియంది కొనడానికి ఫోన్ చేసినవాళ్లకే.

మోడల్, లీటర్లు, జీఎస్టీతో కలిపి ధర, స్టాక్ ఉందా లేదా, ఏ రోజు ఇంటికి చేరుతుంది. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి ప్రతి ఫోన్ పక్కనా పెట్టండి. ప్రతి సోమవారం మార్చండి. ఎంతవరకు తగ్గించవచ్చో కూడా ఎత్తినవాళ్లకి చెప్పి ఉంచండి.

నిజంగా కాల్ బ్యాక్ చేయాల్సి వస్తే, కస్టమర్ చేసిన నంబరే అవతల కనపడాలి. పీఆర్ఐ, సిప్ రెండింట్లోనూ ఆ సెట్టింగ్ ఉంది. ఆ పనిని టెలీకాలింగ్ ఏజెన్సీకి అప్పగించి, వాళ్లు ప్రచార కాల్స్‌కి కేటాయించిన 140 సిరీస్ నంబర్ నుంచి చేస్తే చూసినవాళ్లు ఎత్తరు. గంటలు గడిచాక చేసినా ఉపయోగం లేదు. సాయంత్రం ఐదు దాటితే అక్క పొయ్యి దగ్గర ఉంటుంది.

 

సమస్య: రాత్రి కాల్స్ అన్నీ మిస్డ్ కాల్స్‌గానే మిగులుతున్నాయి

కర్రీ పాయింట్లు, మెస్‌లు, పీజీ హాస్టళ్లు నడిపేవాళ్లకి తీరిక దొరికేది షట్టర్ దించాకే. ‘పదింటికి కూర్చుంటా తమ్ముడా, అప్పుడు ఎవరెత్తుతారు?’ అంది అక్క. ఆరుకల్లా సిస్టమ్ ‘ఆఫీసు వేళల్లో కాల్ చేయండి’ అని చెప్పి పెట్టేస్తుంది. ఆ టైమ్ సెట్టింగ్ మార్చి, రాత్రి పదిన్నర దాకా ఒక మొబైల్‌కి మళ్లించండి, స్టాఫ్ వంతులవారీగా చూసుకోవచ్చు. వంతు చేసినవాళ్లు మర్నాడు ఆలస్యంగా రావడానికి ఒప్పుకోవాలి. పీణ్యలో గ్రైండర్లు తయారుచేసే ఒకాయనకి ఇలాగే పెట్టిచ్చాను. వంతు ఉన్న కుర్రాడి ఫోన్‌లో రేట్ల కాగితం ఫోటో ఉంటుంది, ఆర్డర్ రాసుకోవడానికి జేబులో చిన్న నోట్‌బుక్ ఉంటుంది. అంతకు మించి అక్కడ ఏ ఏర్పాటూ లేదు.