కాలనీ సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంటే చాలదు

మా కాలనీ సంఘానికి మూడేళ్లు సెక్రటరీగా చేశాను. తెలంగాణలో ఇలాంటి సంఘాలను ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే నమోదు చేస్తారు. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆధార్ జిరాక్సులు, సంతకాలు రెండు రోజుల పని. అసలు పని బైలాస్‌దే, అంటే సంఘం నడిచే నియమావళిదే.

మేము పక్క కాలనీ వాళ్ల బైలాస్ కాపీ కొట్టాం. కోరం (మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, చెక్కు మీద ఎవరెవరు సంతకం పెట్టాలి, ఎవరూ చదవలేదు. కొత్త కమిటీ వచ్చాక, చెక్కుల మీద సంతకం పెట్టేవాళ్ల పేర్లు మార్చడానికి బ్యాంకు వాళ్లు తీర్మానం కాపీ అడిగారు. మీటింగు నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకం తీస్తే, తీర్మానం ఉండాల్సిన పేజీలో టీ, సమోసాల లెక్క ఉంది! దాంతో చెక్కులు చెల్లక వాచ్‌మన్ జీతం నెలన్నర ఆగింది.

అందుకే, మీటింగు ముగియగానే తీర్మానం రాసి, అక్కడికక్కడే సంతకాలు పెట్టించండి. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. దీన్నే అందరూ మరిచిపోతారు. బైలాస్ మార్చినా అక్కడ దాఖలు చేయాల్సిందే.

సంఘంలో గొడవ ముదిరితే అదే చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు, లేదా ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు). మా వాళ్లు మాత్రం గుడి అరుగు మీదే తేల్చుకున్నారు.