మన కారు మన చేతిలో – 7వ పాఠం: మెత్తబడిన బ్రేకు పెడల్

కిందటి పాఠంలో వెనక డ్రమ్ములు విప్పి, బ్రేకు షూలు (డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) మార్చి, మళ్లీ బిగించాం. ఆ పని చేసినవారిలో కొందరికి ఈపాటికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది: బ్రేకు పడుతోంది గానీ, పెడల్ దూదిలో కాలు పెట్టినట్టు లోపలికి పోతోందని. ఈ వారం పాఠం దాని గురించే. పని మొదలుపెట్టే ముందు ఒక మాట. పెడల్ నేలకు ఆనుతున్నా, ఏదైనా చక్రం లోపలివైపు తడి కనిపిస్తున్నా, ఆ కారును నడిపి షెడ్డుకు తీసుకువెళ్లవద్దు. మెకానిక్కునే ఇంటికి పిలవండి.

ఆల్టో, వ్యాగన్ఆర్, శాంత్రో లాంటి చిన్న కార్లను ఉదాహరణగా తీసుకుందాం. వీటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ బ్రేకు ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి పైపుల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. ఇందులో మెత్తదనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే మందుల దుకాణంలో సూది లేని సిరంజి ఒకటి కొనుక్కోండి. నిండా నీళ్లు పీల్చి, మూతిని వేలితో గట్టిగా మూసి, వెనక నుంచి నొక్కండి. రాయిని నొక్కినట్టు ఉంటుంది. ఇప్పుడు శనగగింజంత గాలి బుడగను లోపలికి రానిచ్చి మళ్లీ నొక్కండి. బొటనవేలికి తగిలే ఆ స్పంజులాంటి కదలికను గుర్తుపెట్టుకోండి. పెడల్ మీద మీ పాదం వెతకాల్సింది దాన్నే.

పెడల్ మెత్తబడిందనగానే చాలామంది చేసే పని ఒక్కటే, బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయించడం. అక్కడే డబ్బూ, ఆదివారమూ పోతాయి. కాలికి అన్నీ ఒకేలా తోచినా, మెత్తదనాల్లో తేడాలున్నాయి. స్పానర్ పట్టుకునే ముందు వాటిని విడదీయాలి.

ఇంజను ఆపి, పెడల్‌ను ఐదారు సార్లు తొక్కండి. మీ కాలి బలాన్ని వాక్యూమ్‌తో పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఖర్చయిపోయి పెడల్ బిగుస్తుంది. దాన్ని అలాగే తొక్కిపట్టి ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగుతుంది. అది జబ్బు కాదు, బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని చూసే కంగారుపడుతుంటారు. దిగి ఆగిందా, ఇంకా దిగుతూనే ఉందా అన్నదే చూడాలి. అర నిమిషం ఒకే బలంతో పట్టుకోండి. పాదం కింద పెడల్ నెమ్మదిగా జారుతూ పోతుంటే ఒత్తిడి ఎక్కడో తప్పించుకుంటోంది. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా చూడండి. మట్టం రోజురోజుకూ తగ్గుతోందంటే బయటికే కారుతోంది. చక్రాల లోపలివైపు, రబ్బరు హోసుల కీళ్ల దగ్గర, మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు అతికే చోట వేలితో తడిమి చూడాలి. మట్టం తగ్గకుండానే పెడల్ జారుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు అరిగి, ఆయిల్ పిస్టన్‌ను దాటి వెనక్కి వస్తోందన్నమాట. ఎంత గాలి తీసినా అది బాగుపడదు.

జారడం లేదు గానీ తొలిసారి తొక్కినప్పుడు లోతుగా పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వస్తోందనుకోండి. ఇక్కడ రెండు కారణాలు ఒకే వేషం వేసుకుని వస్తాయి. ఒకటి గాలి. రెండోది వెనక షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం ఎక్కువ కావడం. వీటిని గుర్తుపట్టలేక నేనొకసారి మంచి మాస్టర్ సిలిండర్‌ను తీసి పారేశాను. కొత్తది వేశాను, రెండుసార్లు గాలి తీశాను, అయినా పెడల్ మారలేదు. చివరికి మా వీధి చివర షెడ్డులోని పెద్దాయన డ్రైవరు సీట్లో కూర్చుని, హ్యాండ్‌బ్రేకు నాలుగు క్లిక్కులు లాగి, "సార్, ఇప్పుడు తొక్కి చూడండి" అన్నాడు. పెడల్ పైనే ఆగింది, గట్టిగా. హ్యాండ్‌బ్రేకు లాగినప్పుడు షూలు డ్రమ్ముకు దగ్గరవుతాయి కాబట్టి, అప్పుడు పెడల్ పైకి వచ్చిందంటే తప్పు షూల ఎడంలో ఉన్నట్టే. ఆ ఎడాన్ని సరిచేసే అడ్జస్టర్‌ను కొన్ని పళ్లు తిప్పగానే పని అయిపోయింది. ఆయన నా దగ్గర టీ డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. మాస్టర్ సిలిండర్‌కు నేను పెట్టిన ఖర్చు ఇక్కడ రాయను. కిందటి పాఠం తర్వాత పెడల్ మెత్తబడినవారు ముందు చేయాల్సింది ఈ హ్యాండ్‌బ్రేకు పరీక్షే.

హ్యాండ్‌బ్రేకు లాగినా తేడా లేదు, పెడల్ ఎక్కడ ఆగినా పాదాన్ని స్పంజులా పైకి తోస్తోందంటే అప్పుడు గాలిని అనుమానించండి. కారు పాతదైతే హోసులను కూడా చూడండి. మీరు తొక్కిపట్టి, ఇంకొకరిని ముందు చక్రాల దగ్గర ఉన్న హోసు మీద చేయి వేయమనండి. బుగ్గలా ఉబ్బుతుంటే, పైన పగుళ్లు కనిపిస్తుంటే హోసు మార్చాల్సిందే.

మరో రకం ఉంది, అది మెకానిక్కుకు దొరకదు. తిరుమల ఘాట్ దిగుతూ దారంతా బ్రేకు మీదే కాలు పెట్టినవారికి, అలిపిరి చేరేసరికి పెడల్ మెత్తబడినట్టు అనిపిస్తుంది. మర్నాడు ఉదయం షెడ్డులో చూపిస్తే అంతా బాగానే ఉంటుంది. జరిగిందేమిటంటే, బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బ్రేకు ఆయిల్ రకాలను డాట్ అంకెలతో చెబుతారు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. వేడెక్కిన డిస్కుల పక్కన తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, చల్లారగానే మాయమవుతాయి. దీనికి మందు ఆయిల్ మొత్తం మార్చడం, ఘాట్‌లో రెండో గేరులో దిగడం.

ఇక గాలి తీసే పని. ఆయిల్ డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే ఆయిల్ సీలు తీయని సీసాలో కొనండి, అర లీటరు పైనే పడుతుంది. ప్రతి చక్రం లోపలివైపు గాలి వదలడానికి ఉండే చిన్న మరను నిపుల్ అంటారు. దానికి సరిపోయే రింగు స్పానర్ (చాలావాటికి 8 లేదా 10 మిల్లీమీటర్లు), చేపల తొట్టికి వాడే పారదర్శక గొట్టం, ఒక ఖాళీ సీసా కావాలి. చక్రాలకు అడ్డు పెట్టి, కారును స్టాండ్ల మీద నిలపండి, జాకీని నమ్మి కిందికి దూరవద్దు. నిపుళ్లకు ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. తుప్పు పట్టిన నిపుల్ విరిగితే ఆ పూటకు పని ఆగిపోయినట్టే.

ఏ చక్రంతో మొదలుపెట్టాలి? విదేశీ వీడియోలు కుడి వెనక చక్రం అంటాయి. వాళ్ల కార్లలో స్టీరింగ్ ఎడమ వైపు, మాస్టర్ సిలిండర్ కూడా అటే. దూరపు చక్రం ముందు అన్న లెక్క ప్రకారం వాళ్లకు అది సరే. మన డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి మనకు దూరం ఎడమ వెనక చక్రం. పైపులు ఐమూలగా వేసిన కార్లకు తయారీదారు వేరే వరస చెప్పి ఉండవచ్చు. మాన్యువల్‌లో ఉన్నదే చివరి మాట.

గొట్టం ఒక కొసను నిపుల్‌కు తొడిగి, రెండో కొస సీసాలో కొద్దిగా పోసిన ఆయిల్‌లో మునిగి ఉండేలా పెట్టండి. సీట్లో ఒకరు కూర్చోవాలి. మా ఇంట్లో ఆ పని నా మేనల్లుడిది.

"తొక్కు."

"తొక్కాను మామయ్యా."

"అలాగే పట్టుకో." ఇప్పుడు నిపుల్ పావు చుట్టు వదులు చేస్తాను. గొట్టంలో టీ రంగు ఆయిల్‌తో పాటు బుడగలు కదులుతాయి, పెడల్ కిందికి పోతుంది. నిపుల్ బిగించాక మాత్రమే "వదులు" అంటాను. మొదటి రోజు వాడు నేను బిగించకముందే కాలు తీశాడు. గొట్టంలోని ఆయిల్ వెనక్కి పరుగెత్తింది, తీసిన గాలి తీసినంతా తిరిగి లోపలికి పోయింది. అప్పటి నుంచి నేను "వదులు" అంటే వాడు "బిగించావా?" అని అడిగిగానీ వదలడు. మీరూ ఈ అలవాటు పెట్టుకోండి.

పాత కార్లలో పెడల్‌ను నేల వరకు తొక్కనివ్వవద్దు. సీళ్లు ఎప్పుడూ వెళ్లని, తుప్పు పట్టిన చోటికి వెళ్లి చిరుగుతాయి. పెడల్ కింద చిన్న చెక్కముక్క ఉంచితే చాలు. బుడగలు ఆగి, లేత రంగు ఆయిల్ వచ్చేదాకా ఒక్కో చక్రానికీ ఇదే పని. ఐదారు తొక్కులకొకసారి డబ్బాలో ఆయిల్ నింపండి. మట్టం అడుగంటితే గాలి పైనుంచే దూరి, మొదటి చక్రం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. సీసాలో పడిన ఆయిల్‌ను తిరిగి డబ్బాలో పోయవద్దు. కారు రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో దాని యూనిట్ లోపలికే గాలి చేరితే ఈ పద్ధతి సరిపోకపోవచ్చు. అప్పుడు ఆ యూనిట్‌ను నడిపించగల స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

అయ్యాక ఇంజను స్టార్ట్ చేసి అర నిమిషం తొక్కిపట్టండి. జారకుండా నిలిస్తే ఇంటి ముందు పది అడుగులు నడిపి ఆపండి, ఆ తర్వాతే వీధిలోకి. మర్నాడు ఉదయం నాలుగు నిపుళ్ల కిందా తడి ఉందేమో చూసి, డబ్బా మీద ఆ రోజు మట్టాన్ని పెన్నుతో గీసి పెట్టుకోండి. వారం తర్వాత ఆ గీత దగ్గర ఆయిల్ ఎక్కడుందో చూసి రండి, 8వ పాఠంలో హ్యాండ్‌బ్రేకు కేబుల్ విప్పుదాం.