బొమ్మ లేని రూపాయి: సిక్కుల నాణేన్ని చదివే పద్ధతి

నాణెం అనగానే మనకు బొమ్మా బొరుసూ గుర్తొస్తాయి. పంజాబ్‌లో 1765 నుంచి 1849 దాకా సిక్కులు కొట్టించిన వెండి రూపాయికి బొమ్మ ఉండదు, రాజు పేరూ ఉండదు. లాహోరును పట్టుకున్న మిసల్ (సిక్కు యుద్ధ దళాల) సర్దార్లు గానీ, 1801లో మహారాజైన రంజిత్ సింగ్ గానీ తమ పేరు వేసుకోలేదు. రాజ్యం గురువులది, నాణెమూ వాళ్ల పేరునే. అందుకే "ఇది ఏ రాజుది?" అని మొదలుపెడితే అక్కడే చిక్కుపడతారు. ముందు నాణెం మీది పద్యం, తర్వాత టంకశాల (నాణెం కొట్టిన చోటు), ఆపైన సంవత్సరం చూడాలి.

చేతిలో 0.01 గ్రాము దాకా చూపే కాటా, 10 రెట్ల భూతద్దం, పక్క నుంచి పడే వెలుతురు ఉంటే చాలు. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ పెట్టి తోమొద్దు. నల్లటి పొరతో పాటు అక్షరాల అంచులూ అరిగిపోతాయి, విలువా పడిపోతుంది. మట్టి ఉంటే మంచినీళ్లలో ఓ రాత్రి నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి.

తూకం దాదాపు 11 గ్రాములు రావాలి. కాస్త అరిగినది 10.8 ఉన్నా కంగారు అక్కర్లేదు. సరిగ్గా 11.66 తూగితే మాత్రం అనుమానించండి, అది ఈస్టిండియా కంపెనీ రూపాయి తూకం. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. నాణెం తూకం 11.05 అయి, ఇప్పుడు కాటా 1.06 చూపిస్తే 11.05ని 1.06తో భాగించండి: 10.4. అంటే నీళ్లకన్నా అన్ని రెట్లు బరువు. మంచి వెండికి 10 దాటుతుంది. వెండి పూత పూసిన ఇత్తడికి 8.5 ప్రాంతంలో ఆగిపోతుంది.

ఇక పద్యం. పారసీలో ఉంటుంది, కుడి నుంచి ఎడమకు చదవాలి. రెండు రకాలు. "దేగ్ తేగ్ ఫతహ్ నుస్రత్ బేదిరంగ్, యాఫ్త్ అజ్ నానక్ గురు గోబింద్ సింగ్" అని ఉంటే గోబింద్‌షాహీ. దేగ్ అంటే లంగర్ (గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనం) వండే పెద్ద గుండిగ, తేగ్ అంటే కత్తి. అన్నం, ఆయుధం, విజయం, ఆలస్యం లేని అండ, ఇవన్నీ గురు గోబింద్ సింగ్‌కు నానక్ నుంచి అందాయని భావం. సిక్కు సేనాని బందా సింగ్ బహదూర్ కాలంనాటి ముద్రలో ఉన్న మాటలే ఇవి. గురువు 1708లో నాందేడ్‌లో తనను పంజాబ్‌కు పంపిన తర్వాత అతను నిలబెట్టిన రాజ్యం కొన్నేళ్లే నిలిచింది, 1716లో ఢిల్లీలో అతన్ని చంపేశారు. ఆ మాటలు మాత్రం లాహోరు నాణేల మీద మళ్లీ లేచాయి. రెండోది నానక్‌షాహీ, "సిక్కా జద్ బర్ హర్ దో ఆలమ్" అని మొదలవుతుంది. అమృత్‌సర్ నాణేల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. కాబట్టి మామూలు నాణెం మీద పద్యం పూర్తిగా పడదు. పూర్తి పద్యం కాగితం మీద రాసి పక్కన పెట్టుకుని, కనిపించిన ముక్క ఎక్కడ సరిపోతుందో వెతకాలి. పారసీ అక్షరాల చుక్కలు అచ్చులో తరచుగా ఎగిరిపోతాయి, చుక్కల్నే నమ్ముకోవద్దు.

రెండో వైపు "జర్బ్" (కొట్టినది అని అర్థం) అనే మాట పట్టుకోండి, టంకశాల పేరు దాని తర్వాతే. అమృత్‌సర్‌కు ముందు "శ్రీ", లాహోరుకు "దారుస్సల్తనత్", ముల్తాన్‌కు "దారుల్ అమాన్", కశ్మీరుకు "ఖిత్తా" ఉంటాయి. ఊరి పేరు తెగిపోయినా ఈ బిరుదుతో పని జరుగుతుంది. ముల్తాన్ 1818లో రంజిత్ సింగ్ చేతికి వచ్చినా, 1772 నుంచి 1780 దాకా భంగీ మిసల్ సర్దార్ల చేతిలో ఉంది, అప్పటి నాణేలూ ఉన్నాయి. కశ్మీర్ మాత్రం 1819లోనే సిక్కుల చేతికి వచ్చింది. అంతకు ముందటి ఏడాది వేసిన కశ్మీర్ "సిక్కు" నాణెం ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. 1 నిలువు గీత, 8 ఇంటి కప్పులాంటి గీత, 7 దాని తలకిందులు, సున్నా ఒక చుక్క. అది విక్రమ సంవత్. 57 తీసేస్తే క్రీస్తుశకం వస్తుంది, ఏడాది చివరి నెలలైతే 56. మన పంచాంగం అలవాటుతో శాలివాహన శకం అనుకుని 78 కలిపేస్తే నాణెం రంజిత్ సింగ్‌ను దాటి ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తుంది! 1885 సంవత్ అంటే 1828, మన లెక్కలో సర్వధారి.

ఆ 1885తోనే ఇంకో చిక్కుంది. అమృత్‌సర్‌లో ఆ అంకెను ఏళ్ల తరబడి మార్చకుండా అలాగే కొట్టారు. అసలు ఏడాదిని విడిగా చిన్న అంకెల్లో వేశారు. 93 కనిపిస్తే 1893 సంవత్, అంటే 1836. ఆ చిన్న అంకెలు చూడకుండా రాసిపెట్టిన చీటీలు సేకరణల్లో కొల్లలు.

ఆకు గుర్తు ఉంటే సాధారణంగా సిక్కు నాణెమే. ఏ చెట్టు ఆకో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు, మీరు "ఆకు" అని రాసుకుంటే సరిపోతుంది. నెమలి పింఛంలాంటి గుర్తున్నవాటిని రంజిత్ సింగ్ ప్రేయసి మోరాన్ పేరుతో అంటగట్టి ధర పెంచుతారు. కథకు డబ్బు కట్టొద్దు.

అన్నిటికన్నా ఎక్కువగా బోల్తా కొట్టించేవి పటియాలా, జీంద్ రూపాయలు. వాటిమీద అఫ్గాన్ రాజు అహ్మద్ షా దుర్రానీ పద్యం ఉంటుంది. సట్లెజ్‌కు ఇవతలి ఈ సిక్కు సంస్థానాలు అతని పేరునే కొనసాగించాయి. పటియాలా ఆలా సింగ్‌కు రాజా బిరుదిచ్చింది ఆయనే మరి. కాబట్టి "అహ్మద్" కనబడగానే కాబూల్ పెట్టెలో వేసేయకండి, శైలినీ గుర్తుల్నీ పోల్చి చూడండి.

నకిలీలు ఎక్కువగా పోత పోసినవి. భూతద్దంలో అక్షరాల అంచులు కరిగిన వెన్నలా గుండ్రంగా, అక్షరాల మధ్య ఖాళీ చోట సూదిపోటు గుంటలతో, అంచు చుట్టూ సన్నని అతుకు గీతతో కనిపిస్తాయి. అంచున ఒకచోట మాత్రం నునుపుగా మచ్చ ఉంటే అది నకిలీ కాకపోవచ్చు: కాసులపేరులా మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత ఊడదీసిన టంకం గుర్తు. నాణెం అసలుదే, ధర మాత్రం బాగా తగ్గించి అడగాలి.