మంత్రజపం, త్రాటకం: కూర్చునే ముందు జాగ్రత్తలు

తంత్రమంటే చేతబడి కాదు. మంత్రం, న్యాసం (మంత్రం పలుకుతూ ఒంటి భాగాలను తాకడం), ధ్యానం కలిసిన సాధన. ద్రాక్షారామం మాణిక్యాంబ సన్నిధిలో కూర్చున్నా సరే, గురువు ఉపదేశం లేకుండా బీజాక్షరాలు (హ్రీం, శ్రీం లాంటివి) పట్టొద్దు. అప్పటిదాకా నామజపం చాలు. దోషముంది, డబ్బు కట్టమనే గురువు జోలికి అసలే పోవద్దు.

భోంచేస్తే మూడు గంటలు ఆగండి. వానాకాలం కోనసీమ ఇళ్లలో గచ్చు చెమ్మెక్కుతుంది, చాప మీద కంబళి వేసుకోండి. మాలకు 108 పూసలు. చూపుడువేలు తగలకూడదు, మేరువు (మాల కొసన ఉండే పెద్ద పూస) దాటకుండా వెనక్కి తిప్పాలి.

త్రాటకమంటే రెప్ప వేయకుండా దీపజ్వాలను చూడటం. దానికి దీపం కంటి ఎత్తులో, మూడడుగుల దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపండి, జ్వాల ఊగితే చూపు నిలవదు. ఉక్కపోస్తోందని సాయంత్రం తలుపు తీస్తే గాలికంటే ముందు పురుగులొస్తాయి, తెల్లవారుజామే నయం. కంట నీరు రాగానే కళ్లు మూసేయండి.

మూర్ఛ, గ్లకోమా ఉన్నవారికి త్రాటకం వద్దు. బీపీ, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగబట్టొద్దు.