ఇసుకలో పోయిన నగ కోసం: డిటెక్టర్‌లో డిస్క్రిమినేషన్ ఎంత పెట్టాలి

బీచ్‌లో ఉంగరం జారిపోయిందని మెటల్ డిటెక్టర్ తెచ్చుకున్నవాళ్లు చాలామంది ముందుగా డిస్క్రిమినేషన్, అంటే వద్దనుకున్న లోహాలకు యంత్రం పలకకుండా చేసే సెట్టింగు, పెంచేస్తారు. మేకులు, సోడా మూతలు, సిగరెట్ పెట్టెల రేకు అన్నీ నోరు మూసుకుంటాయి. చెవికి హాయిగానే ఉంటుంది గానీ, వాటితోపాటు ఉంగరమూ నోరు మూసుకుంటుంది.

ఎందుకంటే డిటెక్టర్‌కు బంగారమంటే ఏమిటో తెలియదు. కాయిల్, అంటే నేలమీద ఊపే తీగచుట్ట, నుంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం లోహంలో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. వాటి జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిచి యంత్రం తెరమీద ఒక అంకె వేస్తుంది. ఆ అంకె లోహాన్ని బట్టే కాదు, వస్తువు సైజు, మందం, ఆకారాన్ని బట్టి కూడా మారుతుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 అనే డిటెక్టర్‌లో అంకెలు మైనస్ 9 నుంచి 40 దాకా ఉంటాయి. సున్నా, దానికి కిందివి ఇనుము. గారెట్ ఏటీ ప్రోలో 0 నుంచి 99. 40 లోపు ఇనుము. ఏ యంత్రంలోనైనా చిన్న బంగారు ఉంగరాలు ఇనుముకు కాస్త పైనుంచి మధ్య దాకా పడతాయి. అల్యూమినియం రేకు, టిన్నుల మీది లాగుడు రింగులు ఉండేదీ అక్కడే. మందపాటి వెండి మాత్రం పై అంకెల్లో ఉంటుంది, దాన్ని చెత్తనుంచి విడదీయడం తేలిక. బంగారం కావాలంటే రేకు తవ్వక తప్పదు.

ఆకారం ఎంత తేడా తెస్తుందో మెట్టెను చూస్తే తెలుస్తుంది. వేలికి తగ్గట్టు వంచుకోవడానికి దానికి కింద చీలిక ఉంటుంది. మూసిన ఉంగరంలో ప్రవాహం చుట్టూ తిరుగుతుంది, చీలిక దగ్గర ఆ దారి తెగిపోతుంది. అందుకే మెట్టె వెండిదే అయినా, అంత బరువే ఉన్న మూసిన వెండి ఉంగరం కన్నా దాని అంకె బాగా దిగిపోతుంది. ‘వెండి కదా, పై అంకెలు చాలు’ అని మధ్యవి తీసేసినవాళ్లు మెట్టెను దాటుకుని వెళ్లిపోతారు. సన్నని గొలుసు ఇంకా కష్టం. యంత్రానికి అది గొలుసు కాదు, విడివిడి చిన్న రింగుల కుప్ప. అంకె రేకు దగ్గరో, ఇనుము అంచునో పడుతుంది. చాలాసార్లు వినపడేది కొక్కెం ఒక్కటే. పుస్తెలతాడు కొంత నయం, పుస్తెలు పలుకుతాయి. ముక్కుపుడకకైతే కాయిల్‌ను ఇసుకకు దాదాపు ఆనించి నడపాలి. కొద్ది సెంటీమీటర్ల లోతు దాటితే ఆశ తక్కువ.

అందుకే బీచ్‌కు వెళ్లేముందు ఇంట్లో ఒక అరగంట పరీక్ష చేయండి. కాయిల్‌ను ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, ఫోను, ఇనుప సామాను దూరంగా జరపండి. చేతికున్న ఉంగరాలు, గాజులు తీసేయండి. పోయిన నగకు దగ్గరగా ఉండే నగను 10 సెంటీమీటర్ల ఎత్తులో అటూ ఇటూ ఆడించి, నిలబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి అంకె రాసుకోండి. తర్వాత మాత్రల స్ట్రిప్ ముక్క, సోడా మూత, హెయిర్ పిన్ను, రూపాయి బిళ్ల. 1992 నుంచి వస్తున్న రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు, మీ యంత్రం దాన్ని ఎలా చూపిస్తుందో ముందే తెలిసి ఉండాలి. పాత అల్యూమినియం పది పైసల బిళ్ల దొరికితే అదీ చూడండి. చివరికి ఉంగరానికి నైలాన్ దారం కట్టి ఇసుకలో 5, 10, 15 సెంటీమీటర్ల లోతులో పాతి మళ్లీ చూడండి. దారం కట్టడం మరవకండి. పరీక్షకు పాతిన ఉంగరాన్ని మళ్లీ వెతుక్కోవాల్సి వస్తే అదో నవ్వులపాటు.

బీచ్‌లో సెట్టింగులు ఈ వరసలో చేయాలి. మొదట డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసేసి, లోహం లేని చోట కాయిల్‌ను కిందికీ పైకీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే నేలలోని ఖనిజాలకు యంత్రం పలకకుండా సర్దండి. యంత్రం ఊరికే కిచకిచలాడుతుంటే సెన్సిటివిటీ తగ్గించండి. చాలామంది ఇక్కడే తప్పుతారు: ఆ కిచకిచను డిస్క్రిమినేషన్‌తో నొక్కేస్తారు. అప్పుడు గోల వినపడదు గానీ అలాగే ఉంటుంది, సన్నని బంగారం అందులో కొట్టుకుపోతుంది. యంత్రం నెమ్మదించాక ఇనుము ఒక్కటే తీసేయండి, రేకు జోలికి పోవద్దు. మీ యంత్రంలో ఇనుముకు వేరే శబ్దం పెట్టే వీలుంటే తీసేయడం కూడా వద్దు, దాని వాల్యూమ్ తగ్గించుకోండి. మేకు పక్కనే ఉంగరం ఉన్నప్పుడు, తీసేసిన ఇనుము ఉంగరాన్ని కూడా మింగేస్తుంది; బొంగురు శబ్దం వింటుంటే దాని పక్కన సన్నగా పలికేది చెవిన పడుతుంది. మేకులు ఎక్కువున్న చోట ఆరంగుళాల చిన్న కాయిల్ మేలు.

నాచ్, అంటే ఒక్క అంకెను మాత్రమే మూసేయడం, ఒకే రకం చెత్త కుప్పలుగా ఉన్నప్పుడే వాడాలి. అదీ పోయిన నగ అంకె దానికి దూరంగా ఉంటేనే.

ఒక పలుకు వినగానే నిలబడి, దాని చుట్టూ 90 డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. రెండు వైపులా అంకె ఒకటి రెండు అటూ ఇటుగా నిలబడి, శబ్దం గుండ్రంగా, కొసలు తెగకుండా వస్తే తవ్వాలి. నలిగిన రేకు అంకె గెంతుతుంది. సోడా మూత మొదట మంచి అంకె చూపించి, కాయిల్‌ను మెల్లగా వెనక్కి లాగుతుంటే అంచున బొంగురుపోతుంది. ఇవి సూచనలే. లోతు పెరిగేకొద్దీ అంకె జారి ఇనుము వైపు పోతుంది, కాబట్టి బలహీనంగా పలికినదాన్ని అంకె చూసి వదిలేయకండి.

తడి ఇసుక వేరే లోకం. ఉప్పునీరు కరెంటు పారే పదార్థం కాబట్టి, అది కూడా రేకులా, సన్నని బంగారంలా పలుకుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం అక్కడ ఆగమాగం అవుతుంది. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపే యంత్రం బీచ్ మోడ్‌లో బాగా తట్టుకుంటుంది. క్షేత్రాన్ని తునకలు తునకలుగా పంపే పల్స్ ఇండక్షన్ యంత్రాలు ఇంకా లోతుకు పోతాయి గానీ వాటి డిస్క్రిమినేషన్‌ను నమ్ముకోలేం, పలికిందల్లా తవ్వాలి. పొడి ఇసుక నుంచి తడిలోకి అడుగు పెట్టగానే గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ చేయండి. భీమిలి తీరంలో ఇలమనైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న నల్ల ఇసుక చారలు వస్తాయి, అక్కడా అంతే. గోదావరి రేవుల్లో ఉప్పు బాధ లేదు, భక్తులు వేసిన చిల్లర బాధ ఉంది. అక్కడ నాణేల అంకెలు నాచ్ చేయడం కన్నా, చిన్న కాయిల్‌తో మెల్లగా వెళ్లడమే నయం.

వెతికేటప్పుడు తాడుతో మీటరున్నర వెడల్పు వరసలు గీసుకోండి. ప్రతి ఊపూ ముందు ఊపు మీద సగం పడాలి, కాయిల్ నేలకు సమాంతరంగా ఉండాలి. చివర్లలో చేయి పైకి లేస్తే అక్కడ లోతు పోతుంది. నిలువు వరసలు అయ్యాక అడ్డంగా ఇంకోసారి. గొలుసు కోసమైతే పెద్ద రంధ్రాల జల్లెడ వద్దు, సన్నది జారిపోతుంది. తవ్విన గుంటలు పూడ్చండి.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలాల్లో యంత్రం బయటకు తీయొద్దు. భూమిలో దాచిన పాత నిధి దొరికి, విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి.

జల్లెడలో తేలినదాన్ని కంటితో చూసి విసిరేయకండి. బంగారం ఎన్నాళ్లున్నా అదే రంగు. వెండి సముద్రంలో నల్లబడి తుప్పు పట్టిన రేకులా కనిపిస్తుంది. పట్టీ ముక్క కూడా అలాగే వస్తుంది, గజ్జెల్లో ఇసుక గడ్డకట్టి ఉంటుంది. దాన్ని గోటితో గీకకుండా మంచినీళ్లలో నానబెట్టి, అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి, వెండి అంటుకోదు.